పాత సైకిలు - వంగిన ఫోర్కు

హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే జాతీయ రహదారి మీద, నగరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో చౌటుప్పల్ ఉన్నది. పేరు వినగానే చౌటి నేల, ఉప్పు స్ఫురిస్తాయి. 2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉండిన ఈ పట్టణం, ఆ సంవత్సరం అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. రహదారికి కూడా పాత సంఖ్య పోయింది. ఒకప్పుడు అందరి నోటా 9వ నంబరుగా పలికిన ఆ బాట నేడు 65వ నంబరు జాతీయ రహదారి. దాని మీద పగలూ రాత్రీ లారీలు, బస్సులు, కార్లు ప్రవాహంగా సాగుతుంటాయి. ఆ ప్రవాహం అంచున, తెల్ల గీతకు అవతల, నేటికీ అక్కడొకటి ఇక్కడొకటి పాత నల్ల సైకిలు కనిపిస్తుంది.

ఈ ప్రాంతపు జీవనంలో సైకిలు పొందిన స్థానం చిన్నది కాదు. చౌటుప్పల్ మండలంలోని కొయ్యలగూడెం, సమీపంలోని పోచంపల్లి, పుట్టపాక మగ్గాల ఊళ్ళు. నూలు ఇంటికి తెచ్చుకోవాలన్నా, నేసిన బట్టను సంఘానికి చేర్చాలన్నా నేత కార్మికునికి సైకిలు క్యారియరే ఆధారంగా ఉండేది. గీత కార్మికుడు కల్లు కుండలను, పాలవాడు పాల క్యాన్లను దానికే తగిలించుకొన్నారు. నీటిలో ఫ్లోరైడు అధికంగా ఉన్న నేల ఇది. తాగదగిన నీటి కోసం దూరం పోవలసిన రోజులలో సైకిలుకు ఇరువైపులా బిందెలు కట్టుకొని నడిపించుకొంటూ వచ్చినవారు ఎందరో. ఒక్క మనిషి కోసం చేసిన వాహనం మీద ఇంటిల్లిపాది అవసరాలు ఎక్కి కూర్చున్నాయి. ఆ బరువులో ముందు భాగానికి వచ్చిన వాటాను మోసినది, దారిలోని ప్రతి గుంత దెబ్బను మొదట అందుకొన్నది ఫోర్కు.

ఆ సైకిళ్ళ పుట్టుపూర్వోత్తరాలను కొంత తెలుసుకోవాలి. రెండు సమానమైన చక్రాలు, వెనుక చక్రానికి గొలుసు, మధ్య పెడళ్ళు గల రూపానికి 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలు మార్గదర్శకమయింది. 1888లో డన్‌లప్ గాలి నింపిన టైరును రూపొందించాడు. నాటింగ్‌హామ్‌లోని ర్యాలీ కంపెనీ సైకిళ్ళు ఓడలెక్కి మన దేశానికి వచ్చాయి. స్వాతంత్ర్యానంతరం ఇక్కడే కర్మాగారాలు వెలిశాయి. మద్రాసు వద్ద అంబత్తూరులో 1949లో ఏర్పడిన టి.ఐ. సైకిల్స్ వారి హెర్క్యులిస్, 1951 నాటి సోనీపత్ అట్లాస్, 1952 నాటి ఆసన్‌సోల్ సేన్-ర్యాలీ, 1956 నాటి లూధియానా హీరో అట్లాంటివి. పేర్లు వేరైనా రూపం ఒక్కటే. 28 అంగుళాల చక్రాలు, నల్ల రంగు, తీగకు బదులు కడ్డీలతో పనిచేసే బ్రేకులు, ఎత్తయిన సీటు. ఇంగ్లండు నుంచి వచ్చిన సైకిలు పాడైతే దాని అసలు భాగాలు దొరకడం కష్టం. మన దేశంలో తయారైనవాటిలో కొన్నిటికి కూడా ఆ దశ వస్తున్నది. అట్లాస్ కంపెనీ చివరి కర్మాగారం సాహిబాబాదులో 2020 జూన్‌లో మూతపడింది. కనుక పాత సైకిలుకు దెబ్బ తగిలినప్పుడు, మార్చడమా బాగుచేయడమా అనే ప్రశ్న దుకాణంలో ధరల పట్టిక చూసి తేల్చుకొనేది కాదు.

ఫోర్కు అనే మాట మనది కాదు గాని, వస్తువు రూపం మనకు కొత్తది కాదు. చెట్టు కొమ్మ రెండుగా చీలిన చోటును పంగ అంటాము. పిల్లలు పిట్టలను కొట్టే పంగలకర్రను ఎరుగనివారు ఉండరు. తలక్రిందులు చేసిన పంగలకర్రే సైకిలు ఫోర్కు. హిందీ, ఉర్దూ మాట్లాడే మిస్త్రీలు దీనిని చిమ్టా అంటారు, అనగా పట్టకారు. బండికి సంబంధించిన ఇరుసు, ఆకు, నొగ వంటి అచ్చమైన మాటలు తెలుగులో ఎప్పటినుంచో ఉన్నాయి. అయినా ఈ భాగానికి మాత్రం పేరు లేకపోయింది. ఎడ్లబండి చక్రం ఇరుసు కొనన తిరుగుతుంది. బండిని మలిపేవి ఎడ్లు. చక్రాన్ని రెండు వైపులా పట్టుకొని, తానే కుడికీ ఎడమకూ మళ్ళే అంగం బండిలో లేదు. లేని వస్తువుకు పేరెందుకు ఉంటుంది?

ఫోర్కులో ప్రధానంగా మూడు భాగాలు. పైన నిలువుగా ఉండే కాడ ఫ్రేము ముందున్న తల గొట్టంలోకి పోయి, పైనా కిందా కప్పులలో ఉన్న ఇనుప గుండ్ల మీద తిరుగుతుంది. హ్యాండిలు దీనిలోనే దిగుతుంది. కాడ కింద తల. ఆ తల నుంచి దిగే రెండు బోలు గొట్టాలు కాళ్ళు. కాళ్ళ చివర ఇరుసు కూర్చొనే గాళ్ళు ఉంటాయి. కాళ్ళను పక్క నుంచి చూస్తే, పైభాగం కాడతో ఒకే వరుసలో దిగి, కిందికి వచ్చేసరికి ముందుకు వంపు తిరిగి ఉంటుంది. ఈ వంపు అందం కోసం పెట్టినది కాదు.

ఫోర్కు కాడ గుండా ఒక సరళరేఖను గీసి నేల వరకు పొడిగించినట్లు భావించండి. అది నేలను తాకే చోటు, చక్రం నేలను తాకే చోటు కన్నా కొద్దిగా ముందు ఉంటుంది. అంటే చక్రం తనను తిప్పే రేఖకు కొంత వెనుకగా నడుస్తుంది. ఆసుపత్రిలో స్ట్రెచరును తోసినప్పుడు దాని చిన్న చక్రాలు తమంతట తాము తోసిన దిక్కుకు తిరగడం చూసే ఉంటారు. కారణం ఇదే. ఈ వెనుకబాటు దూరం ఎంత ఉండాలో నిర్ణయించేవి రెండు. ఒకటి తల గొట్టం వాలు, రెండవది కాళ్ళ వంపు. వంపు తగ్గితే వెనుకబాటు పెరిగి, హ్యాండిలు బరువెక్కుతుంది. వంపు మరీ ఎక్కువైతే వెనుకబాటు తగ్గి, హ్యాండిలు నిలకడ కోల్పోతుంది.

డేవిడ్ జోన్స్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఎవ్వరూ నడపలేని సైకిలును తయారుచేయాలని పూనుకొని, తన ప్రయోగాలను 1970లో ‘ఫిజిక్స్ టుడే’ పత్రికలో ప్రకటించాడు. ఒక ప్రయోగంలో ఆయన ఫోర్కును వెనుకకు తిప్పి బిగించాడు. మనిషి లేకుండా తోసి వదిలితే ఆ సైకిలు ఆశ్చర్యకరమైన నిలకడతో సాగింది. ఎక్కి నడపబోతే మాత్రం ఇబ్బంది పెట్టింది. వెనుకబాటు ఒక్కటే సైకిలును నిలబెట్టడం లేదని, బరువు పంపకం వంటి ఇతర కారణాలు కూడా ఉన్నాయని 2011లో నెదర్లాండ్స్, అమెరికా పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో నిరూపించారు. ఇంతమంది పండితులు తలలు పట్టుకొన్న విషయాన్ని రోడ్డు పక్క మిస్త్రీ హ్యాండిలును రెండు వేళ్ళతో కదిపి గ్రహిస్తాడు. అతడు లెక్క చెప్పలేకపోవచ్చు. ‘బరువుగా తిరుగుతున్నది, వెనక్కి వంగింది’ అనగలడు.

తెలుగులో వంక అనే మాటకు వంపు అని అర్థం. దోషమని, నెపమని కూడా అర్థాలు ఉన్నాయి. వాగునూ వంక అంటాము. ఫోర్కు విషయంలో ఈ అర్థాలను వేరుచేసి చూడగలగడమే పనితనం. పుట్టుకతో ఉన్న వంక గుణం. దెబ్బతో వచ్చిన వంక దోషం. రెండింటికీ తేడా ఎరుగక, కాళ్ళను నిటారుగా సాగగొట్టి ‘బాగుచేశాను’ అనేవారు లేకపోలేదు.

ఒక సందర్భాన్ని ఊహించుకొందాం. తాతగారి కాలపు ర్యాలీ సైకిలును వెలికి తీసి, నూనె వేసి, కొత్త టైర్లు తొడిగి ఒక యువకుడు చౌటుప్పల్ బజారుకు బయలుదేరాడు. సర్వీసు రోడ్డు మలుపులో చూపు తప్పి సిమెంటు దిమ్మెను ఎదురుగా కొట్టాడు. మోకాలు చీరుకొన్నది. లేచి చూసుకొంటే ముందు చక్రం కింది గొట్టానికి దగ్గరగా జరిగి ఉన్నది. మలుపు తిప్పితే బూటు కొన మడ్‌గార్డుకు తగులుతున్నది. సైకిలును మిస్త్రీ దగ్గరికి నడిపించుకొని పోయాడు.

‘బెండు తీసి ఇయ్యి కాకా’ అంటాడు యువకుడు. బెండు తీయడమనే మాట మన వాడుకలో మనుషుల విషయంలో కూడా స్థిరపడింది. అక్కడ అది బలప్రదర్శన. ఇనుము విషయంలో అంత తొందర పనికిరాదు. తెలిసిన మిస్త్రీ సుత్తి కన్నా ముందు కన్ను వాడతాడు.

మొదట చక్రాన్ని అనుమానించాలి. చక్రాన్ని తిప్పి రిమ్ము వంకరగా ఆడుతున్నదేమో చూసి, ఆడితే పుల్లలు బిగించి సరిచేయాలి. పిదప ఇరుసును గాళ్ళలో పూర్తిగా ఆనించి, రిమ్ము రెండు కాళ్ళకు సమాన దూరంలో ఉన్నదా అని చూడాలి. లేకపోతే చక్రాన్ని విప్పి, కుడి ఎడమలు మార్చి మళ్ళీ తొడగాలి. రిమ్ము మునుపటి వైపునకే ఒరిగితే దోషం ఫోర్కుది. రెండవ వైపునకు మారితే దోషం చక్రానిది. పరికరాలు అక్కరలేని ఈ చిన్న పరీక్షను నమ్ముకొనక, మంచి ఫోర్కులను వంచి పాడుచేసిన సంఘటనలు సైకిలు దుకాణాలలో అరుదు కాదు.

తరువాత ఫ్రేమును చూడాలి. ఎదురు దెబ్బలో ఫోర్కు వెనుకకు పోతూ తల గొట్టాన్ని కూడా నెడుతుంది. అందుచేత తల గొట్టానికి వెనుక, కింది గొట్టం అడుగు భాగాన వేలితో తడిమితే కొన్నిసార్లు సన్నని అల వంటి ఉబ్బు తగులుతుంది. రంగు నెరిసి, వెంట్రుక వంటి గీతలు పడి ఉంటాయి. కంటికన్నా వేలే ముందు పసిగడుతుంది. ఆ ఉబ్బు ఉంటే సమస్య ఫోర్కును దాటి ఫ్రేముకు పాకిందన్నమాట. యువకుని సైకిలులో అది లేదనుకొందాం.

ఇక విప్పాలి. బ్రేకు కడ్డీని వేరుచేసి, హ్యాండిలు మీది బోల్టును రెండు మూడు చుట్లు వదులు చేసి, దాని నెత్తిన చెక్క పెట్టి ఒక్క దెబ్బ వేస్తే లోపలి బిరడా ఊడుతుంది. కప్పులు విప్పేటప్పుడు కింద గుడ్డ పరచాలి. లేనిచో ఇనుప గుండ్లు నేల పాలవుతాయి. ఊడివచ్చిన ఫోర్కును కిరసనాయిలుతో కడిగి, వెలుతురులో పెట్టి, కాడ వెంట ఒక తిన్నని కమ్మిని ఆనించి చూడాలి. కాడ తిన్నగా ఉండి, కాళ్ళ పైభాగం మాత్రమే ఆ వరుస తప్పి వెనుకకు పోయి ఉంటే ఆశ ఉన్నది. కాడే వంగితే ఆశ లేదు. గొట్టం మీద నొక్కు పడి, మడత వచ్చినా ఆశ లేదు. పగుళ్ళను కనిపెట్టడానికి పాత పద్ధతి ఒకటి ఉన్నది. కిరసనాయిలు రాసి, కొంతసేపు ఆగి, పొడిగా తుడిచి, సుద్దపొడి పూయాలి. పగులు ఉంటే లోపల దాగిన నూనె పైకి ఊరి, తెల్లని సుద్ద మీద సన్నని గీతగా తేలుతుంది. తలకూ కాళ్ళకూ, తలకూ కాడకూ అతుకు పడిన చోట్ల ఈ పరీక్ష తప్పక చేయాలి.

ఉక్కును నమ్మడానికీ, నమ్మకపోవడానికీ కారణం దాని స్వభావంలోనే ఉన్నది. ఈ సైకిళ్ళలో వాడే మెత్తని ఉక్కు కొంత బలం వరకు వంగి, వదిలితే తిరిగి పూర్వస్థితికి వస్తుంది. ఆ హద్దు దాటితే శాశ్వతంగా వంగిపోతుంది గాని, వెంటనే విరగదు. ఈ గుణం వల్లనే దెబ్బలో మనిషి బతికి బయటపడతాడు. అయితే హద్దు దాటి వంగిన చోట ఉక్కు గట్టిపడి, సాగే గుణాన్ని కొంత కోల్పోతుంది. దానిని మళ్ళీ ఎదురు వంచితే మరికొంత పోతుంది. ఒక తీగను చేత పట్టుకొని అటూ ఇటూ వంచుతూ పోతే చివరకు పుటుక్కున తెగుతుంది కదా. ఒక్కసారి సరిచేసిన ఫోర్కు పనిచేయవచ్చు. రెండవసారి వంగినదాన్ని సరిచేయరాదు. అల్యూమినియం, కార్బన్ ఫోర్కులను మొదటిసారి కూడా సరిచేయరాదు.

సరిచేసే పని చెప్పినంత కష్టం కాదు. కాడ నలగకుండా దాని లోపల సరిపడిన ఇనుప కమ్మిని దూర్చి, వెలుపల చెక్క దిమ్మెలను పెట్టి వైసులో బిగించాలి. రెండు కాళ్ళ గాళ్ళలో పాత ఇరుసును నట్లతో బిగిస్తే కాళ్ళు ఒక్కటిగా కదులుతాయి. వంగిన చోటుకు దగ్గరగా చెక్కను ఆధారం చేసి, మీటగా పొడవైన గొట్టాన్ని వాడి మెల్లగా లాగాలి. కొనలను పట్టి లాగితే దోషం అలాగే ఉండి పుట్టుకతో వచ్చిన వంపు చెడుతుంది. లాగి వదిలినప్పుడు ఉక్కు కొద్దిగా వెనుకకు పోతుంది. కాబట్టి అనుకొన్నదానికన్నా వెంట్రుకవాసి ఎక్కువ లాగవలసి ఉంటుంది. ఆ వెంట్రుకవాసి ఎంతన్నది పుస్తకం చెప్పలేదు. లాగడం, వదలడం, కమ్మి ఆనించి చూడడం, మళ్ళీ లాగడం. ముందు వెనుకల వంక తీరిన తరువాతనే పక్క వంకను చూడాలి. చివరకు రెండు గాళ్ళు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ఇరుసు మెలిపడి కొంతకాలానికి విరుగుతుంది.

కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చి వంచితే సులువు కదా అని తోచవచ్చు. గడ్డపారకు, నాగటి కర్రుకు ఆ వైద్యం చెల్లుతుంది. సైకిలు ఫోర్కు అతుకులను ఇత్తడి కరిగించి పోసి కలుపుతారు. సుమారు 900 డిగ్రీల వేడి తగిలితే ఆ ఇత్తడి మళ్ళీ కరుగుతుంది. అతుకు పైకి బాగానే ఉన్నట్లు కనిపించి లోపల డొల్ల అవుతుంది. పలుచని గొట్టం మెత్తబడుతుంది. రంగు ఎలాగూ కాలిపోతుంది. కమ్మరి నేర్పు గొప్పదే గాని, ఈ పని అతని కొలిమికి తెచ్చేది కాదు.

అలాగైతే కొత్త ఫోర్కు వేయించుకోరాదా అంటే, అక్కడ మరొక చిక్కు ఉన్నది. బ్రిటిష్ సైకిళ్ళలో సాధారణంగా కాడ మీద అంగుళానికి 24 మరలు ఉంటాయి. నాటింగ్‌హామ్ ర్యాలీ కంపెనీ తన సైకిళ్ళకు 26 మరలు పెట్టుకొన్నది. పాత కప్పులు వేరే ఫోర్కుకు ఎక్కవు. బలవంతంగా తిప్పితే మరలు అరిగి రెండూ పోతాయి. కాడ పొడవు కూడా కలవాలి. ఫోర్కుతో పాటు కప్పులన్నిటినీ మార్చుకోవలసి రావచ్చు. తాతగారి సైకిలులో తాతగారి నాటి ముక్క ఒకటి తగ్గిందని మనుమనికి బాధ కలగవచ్చు. ఆ బాధ సహజమైనది. అయితే దానిని తూకంలో వేసేటప్పుడు రెండవ తట్టలో ఏమున్నదో కూడా చూడాలి. గొలుసు తెగితే సైకిలు ఆగుతుంది. టైరు పగిలితే సైకిలును నడిపించుకొని పోవచ్చు. ఫోర్కు విరిగితే మనిషి తలక్రిందులుగా ముందుకు పడతాడు. పక్కన లారీ వస్తూ ఉంటుంది.

అందువల్ల సుద్ద మీద గీత తేలిన నాడు మిస్త్రీ పానా కింద పెట్టి, ‘ఇది నేను తియ్య బిడ్డా. దీని మీద ఎక్కకు’ అంటే ఆ మాటను పనిచేతకానితనంగా భావించరాదు. వచ్చిన పనిని, దానితో వచ్చే కూలిని వదులుకొని చెప్పే మాట అది. సైకిలు దుకాణాలు నానాటికీ మోటారు సైకిళ్ళ దుకాణాలుగా మారుతున్న ఈ కాలంలో, అరుదైపోతున్నది వంక తీసే బలం కాదు. ఆ మాట చెప్పగల అనుభవం.

యువకుని ఫోర్కు మీద గీత తేలలేదనుకొందాం. కప్పులలో గ్రీజు నింపి, గుండ్లను లెక్క ప్రకారం పేర్చి, ఫోర్కును ఎక్కించి, ఆడకుండా, పట్టేయకుండా నట్టును బిగించాలి. ఈ సైకిలులో ముందు బ్రేకు రబ్బర్లు రిమ్మును కింది నుంచి పైకి లాగి పట్టుకొంటాయి. ఫోర్కు కొద్దిగా జరిగినా అవి రిమ్ము మీద సరిగా కూర్చోవు. కనుక బ్రేకును మళ్ళీ సరిచేయాలి. మొదటి నడక రహదారి మీద కాదు, ఖాళీ మైదానంలో. సైకిలు ఒక పక్కకు లాగుతున్నదా, మలుపులో బూటు తగులుతున్నదా, గతుకులో టక్కుమన్న చప్పుడు వస్తున్నదా అని గమనించాలి. వారం తరువాత ఒకసారి, నెల తరువాత ఒకసారి సరిచేసిన చోటును తుడిచి చూడాలి. రంగు మీద కొత్త గీత కనిపిస్తే ఇక దాని పని ముగిసినట్లే.

పనికిరాదని తేలిన ఫోర్కును దుకాణం మూలన నిలబెట్టి ఉంచరాదు. చూపునకు బాగానే కనిపించే వస్తువు అది. ఎవరో ఒకరు అవసరానికి తీసి మరొక సైకిలుకు తొడుగుతారు. దాని కాడను ఇనుప రంపంతో అడ్డంగా రెండు ముక్కలుగా కోసిన తరువాతనే పాత ఇనుము వానికి వేయాలి.